సోమవారం జ్వరం: తొమ్మిదో భాగం

పోయిన వారం మనం విడిపోయేసరికి నేను మేస్త్రి గారి గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాను. తగువు పెట్టుకోవడానికి వెళ్ళినదాన్ని. ఏ తిట్టు ముందు, ఏ తిట్టు వెనక అని దారి పొడుగునా వరస కూడా పెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ పెద్దమనిషి రెండు దుప్పట్ల కింద ముడుచుకుపోయి గజగజా వణుకుతున్నారు.

ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి. నేను రాగి పోత ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకునే నర్సుని. నా తమ్ముడు అక్కడే పోతగాడు, అంటే కరిగిన రాగిని పెద్ద గరిటెతో అచ్చుల్లో పోసే మనిషి. ఆ పోతగాళ్ళకి పెద్ద ఈ మేస్త్రి గారు. పైగా నాలుగు నెలల క్రితం మా తమ్ముడికి పిల్లనిచ్చి, పోత పనిలో పెట్టించిన మామగారు. అప్పటినుంచీ ప్రతి సోమవారం సాయంత్రం మావాడు తూలుకుంటూ గేటు దాటడం, మంగళవారం నీరసంగా, ఆలస్యంగా పనికి రావడం. 'తాగి వస్తున్నాడు' అని ఈయనే కాగితం మీద రాసి మేనేజరుకి ఇచ్చారు. వారం క్రితం మావాణ్ణి పనిలోంచి ఆపేశారు. మరదలు పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. మర్నాడు పదింటికి విచారణ. మావాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టలేదని నేను గొంతు చించుకుంటున్నా వినే నాథుడు లేడు.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

"వదినా, నాన్నకి ఒంట్లో బాగాలేదు. తర్వాత రండి" అంది మరదలు తలుపు సగం మూస్తూ.

"నర్సుతో చెప్పే మాటేనా అది? ఒంట్లో బాగున్నప్పుడు వచ్చి నేనేం చెయ్యను?" అని రెండో చెప్పు కూడా విప్పేసి లోపలికి వెళ్ళాను.

ఇంకా వెలుతురుంది. గోడ గడియారం ఆరు కావడానికి ఐదు నిమిషాలు చూపిస్తోంది. కిటికీలు మూసేశారు, గదంతా ఉక్క. నాకు చెమటలు ధారగా కారుతున్నాయి, ఆయన పళ్ళు మాత్రం పటపటా కొట్టుకుంటున్నాయి. ఫ్యాక్టరీలో అయితే మేస్త్రి గారూ అంటాను, ఇంట్లో బాబాయి గారూ అంటాను. ఆ పూట ఏమని పిలవాలో తోచక ఏ పిలుపూ లేకుండానే సంచిలోంచి థర్మామీటరు తీసి చంకలో పెట్టాను. నూట రెండు.

"ఏం లేదమ్మాయ్, చలిగాలి తగిలింది" అన్నారు.

"ఈ ఎండల్లో చలిగాలి ఎక్కడ దొరికింది మీకు? కాస్త మాకూ పంపకపోయారా! ఎప్పుడు మొదలైంది?"

"నాలుగింటికి షిఫ్టు దిగేదాకా నిక్షేపంలా ఉన్నాను. ఇంటికొచ్చేసరికి కీళ్ళన్నీ ఎవరో విరుస్తున్నట్టు... దాహం... అమ్మా, కాసిని నీళ్ళు."

మరదలు గ్లాసు తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టారు. గ్లాసులోకి చూశారు, కూతురి వైపు చూశారు.

"ఇందులో చక్కెరెందుకు కలిపావే?"

 మరదలు ఆ గ్లాసు తనే తీసుకుని తాగింది. మంచినీళ్ళే. నా వైపు తిరిగింది.

"వదినా, ఆయన కూడా ఇదే మాట అనేవారు. ప్రతి సోమవారం. నీళ్ళల్లో చక్కెరెందుకు వేశావ్, అన్నంలో చక్కెరెందుకు వేశావ్ అని. తాగినవాడికి ఏ రుచి ఏదో తెలుస్తుందా అని నేనే తిట్టాను. ఒకసారి గ్లాసు లాక్కుని మొహం మీదే కొట్టాను వదినా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఈపాటికి మీకు తెలుసు. కానీ దాని పక్కనే ఇంకో పురుగు కూడా ఉంటుంది నాకు. ఏమిటి, ఎందుకు, ఎలా అని తొలిచే పురుగు. అది లేచిందంటే కోపం తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది. దారిలో పేర్చుకున్న తిట్లు ఒక్కటీ గుర్తు లేవు ఆ క్షణాన. మంచం అంచున కూలబడ్డాను.

"నోట్లో ఎలా ఉంది? సరిగ్గా చెప్పండి."

"మేకు చప్పరిస్తున్నట్టు ఉంది. పైన తియ్యగా."

"గొంతు?"

"గరగర. ఛాతీ బిగబట్టినట్టుంది."

ఇవే మాటలు మా తమ్ముడి నోటి వెంట పదిసార్లు విన్నాను. విని ఏం చేశాను? ఫ్లూ అన్నాను, మాత్రలిచ్చాను. ప్రతి సోమవారం క్యాలెండరు చూసుకుని వచ్చే ఫ్లూ ఎక్కడైనా ఉందా అని నా బుర్రకి తట్టలేదు. అయితే ఈ సోమవారం మావాడికి చీమ కుట్టినంత జ్వరం కూడా లేదు. మధ్యాహ్నం నేనే చూసి వచ్చాను. వారం రోజులుగా వాడు ఫ్యాక్టరీ గడప తొక్కలేదు మరి.

ఫోను తీసి మిగతా పోతగాళ్ళకి కలిపాను. వాళ్ళలో ఒక పొడుగాయన భార్య ఎత్తింది.

"ఏం చెప్పమంటావ్ నర్సమ్మా, దుప్పటి కప్పితే కాళ్ళు బయటికొస్తున్నాయి, కాళ్ళు కప్పితే తల బయటికొస్తోంది. మొత్తానికి వణుకుతున్నాడు" అంది.

మీసాలాయన స్వయంగా ఎత్తి, "మన క్యాంటీను టీలో ఇవాళ ఏం కలిపారో కనుక్కో తల్లీ, ఊరికే వదలకు" అన్నాడు. మూడో ఆయన మూలుగుతూ, "శనివారం పని వెనకబడిందని ఏడింటికి ఇంకో పోత పెట్టారు కదా, నేను రాలేనని ఆఫీసులో చెప్పమ్మా" అని పెట్టేశాడు. మిగతా ఇద్దరిదీ అదే పాట. మేస్త్రి గారితో కలిపి ఆరుగురిలో ఆరుగురూ పడ్డారు.

ఇన్నాళ్ళూ మా తమ్ముడొక్కడికే వచ్చేది. ఇవాళ అందరికీ ఎందుకొచ్చింది? ఈ సోమవారంలో ఉన్న తేడా ఏమిటి? ఎంత గింజుకున్నా ఒక్కటే కనిపించింది. శని, ఆదివారాలు ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి కరెంటు ఆపి గేటుకి తాళం వేశారు. ఆ రెండు రోజులూ ఎవరూ లోపలికి వెళ్ళలేదు. అయితే ఏం? ఆదివారం ఎప్పుడూ సెలవే కదా!

ఇక లాభం లేదని, నేను చదువుకునే రోజుల్లో మాకు పాఠాలు చెప్పిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను. కార్మికులకి వచ్చే జబ్బులే ఆవిడ చూసేది. స్పీకరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. తియ్యటి నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడే అందుకున్నారు.

"ఆగాగు. జ్వరం సోమవారమే కదూ? షిఫ్టు దిగే వేళకో, దిగిన రెండు మూడు గంటలకో. మర్నాటికో, ఆ మర్నాటికో తగ్గిపోతుంది. అవునా?"

"మీకెలా తెలుసండీ?"

"దానికి సోమవారం జ్వరమనే పేరుందమ్మా. కరిగిన లోహం మీదనుంచి పొగ లేస్తుంది చూడు, అందులో కంటికి ఆననంత సన్నటి పొడి ఉంటుంది. అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఒళ్ళు ఊరుకోదు, జ్వరం తెచ్చుకుంటుంది. మీరు పోసేది ఒట్టి రాగేనా?"

"పాత ఇత్తడి తుక్కు కూడా కలుస్తుందండీ."

"అయితే జింకు కూడా ఉందన్నమాట. ఈ జ్వరానికి అసలు పేరుమోసింది అదే. రాగి పొగ తక్కువేం కాదు. రాగి మన ఒంటికి అక్కర్లేనిదని అనను, కావాలి. తిండిలో, చిటికెడు. ఊపిరిలో కాదు."

"మరి మంగళవారం, బుధవారం రాదేమండీ? రోజూ అదే పొగ కదా?"

"మంచి ప్రశ్న. రోజూ పీలిస్తే ఒళ్ళు అలవాటు పడి ఎదురు తిరగడం మానేస్తుంది. ఒకటి రెండు రోజులు దూరంగా ఉంటే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ మొదటి రోజు జ్వరం. ఇక్కడే అందరూ పొరబడతారు. అలవాటు పడిందంటే బాగుందని కాదు. జ్వరం రాకపోయినా పొడి లోపలికి పోతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళ ఊపిరి పరీక్ష చేయించాలి. అలవాటు తప్పినవాళ్ళు ఒక్కసారే ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం కూడా ఉంది. అవునూ, మొహానికి ఏం కట్టుకుంటారు?"

"గుడ్డ మాస్కులండీ. నేనే ఇస్తాను. షిఫ్టు దిగాక గ్లాసుడు పాలు కూడా నేనే ఇస్తాను, పొగ కడిగేస్తుందని."

అవతల పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"గుడ్డలోంచి ఆ పొడి దర్జాగా పోతుందమ్మా. మొహానికి అతుక్కునే ఫిల్టరు మాస్కు కావాలి. ఇక పాలంటావా, ఆ పాలు వెళ్ళేది ఎక్కడికి?"

కడుపులోకి. పొగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి. ఆరేళ్ళుగా రోజూ ఏడుగురికి గ్లాసులు కడిగి మరీ పోసి, పుణ్యం చేస్తున్నాననుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్న నర్సుని! సిగ్గుతో చచ్చిపోయాను. మీ దగ్గర దాచడమెందుకు, ఏడుపొచ్చింది కూడా.

"ఇంతమందికి ఒకేసారి రావడం మాత్రం వింతగా ఉంది. పొగ లాగే ఫ్యాను లేదా అక్కడ?" అడిగారు డాక్టరమ్మ.

"ఉందండీ. కొలిమి మీద పెద్ద గొట్టం, దానికి గదంత ఫ్యాను."

"తిరుగుతుందా?"

నేను మేస్త్రి గారి వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. తలగడ మీద ఆయన నెరిసిన జుట్టు అంచుల్లో సన్నగా ఆకుపచ్చ కనిపించింది. రోజూ చూసే తలే, ఇన్నాళ్ళూ ఏదో రంగు వేసుకుంటారేమో అనుకున్నాను. రాగి పట్టిన పచ్చదనం అది. మళ్ళీ చేస్తానని డాక్టరమ్మకి చెప్పి ఫోను పెట్టేశాను.

"బాబాయి గారూ, ఫ్యాను తిరుగుతుందా?"

"కొలిమి రగిలేటప్పుడు తిరుగుతుంది."

"పోసేటప్పుడో?"

మరదలు ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పింది. మెత్తగా ఏమీ కాదు.

"పోసేటప్పుడు ఆపిస్తాను" అన్నారు. "ఆ గాలికి అచ్చు మూతి చల్లబడుతుంది. రాగి మడతలు పడి గట్టిపడుతుంది. పదకొండేళ్ళ క్రితం అలాగే ఒక రోజు పోతంతా పగిలిపోయి వెనక్కొచ్చింది. అప్పటినుంచీ పోత మొదలయ్యే ముందు ఫ్యాను ఆపడం అలవాటు చేశాను. ఎంత, ఇరవై నిమిషాలు."

"ఆ ఇరవై నిమిషాల్లోనే కదండీ గరిటె మొహం కిందుండేది!"

"ఏడుగురమూ పీలుస్తున్నాం కదమ్మా. ఎవరికేమైంది?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఇన్నేళ్ళూ మీకెందుకు కాలేదు? మీకూ ఆదివారం సెలవే, మావాడికీ ఆదివారం సెలవే. సోమవారం జ్వరం వాడికే ఎందుకు?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. చెప్పకుండా తప్పించుకుందామని చూశారు గానీ, కూతురు చెయ్యి తీయలేదు.

"మేం ఆదివారం కూడా వెళ్తాం" అన్నారు చివరికి. "పొద్దున్న ఒక గంట. చిన్న కొలిమి వెలిగించి, కాస్త తుక్కు కరిగించి, దాని చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుని వస్తాం. మా మేస్త్రి నాకు నేర్పాడు. వీళ్ళకి నేను నేర్పాను. ఆదివారం వాసన చూసి వస్తే సోమవారం ఒళ్ళు మాట వింటుంది."

నేను నోరు వెళ్ళబెట్టాను. చూశారా ఎంత తెలివో! జ్వరం ఎందుకొస్తుందో ఏ పుస్తకమూ చదవకుండా కనిపెట్టారు. కనిపెట్టి, పొగ తగ్గించుకోవాల్సింది పోయి, సెలవు రోజున కూడా పీల్చడం నేర్చుకున్నారు. పైగా అదేదో మందు వేసుకున్నట్టు ఒకరికొకరు నేర్పుకున్నారు! నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

"మొన్న గేటుకి తాళం పడింది. మీ గంట తప్పింది. అందుకే ఆరుగురూ ఇవాళ మంచమెక్కారు" అన్నాను.

"అదే."

"మా తమ్ముడికి నేర్పలేదా ఈ విద్య?"

"చెప్పాను. పెళ్ళైన మొదటి వారమే చెప్పాను. వినలేదు. ఆదివారం ఒక్కరోజే ఇద్దరం కలిసి ఉంటాం మామయ్యా, ఆ ఒక్కరోజూ వదులుకోలేను అన్నాడు. నీ ఖర్మ, జ్వరం నువ్వే పడు అన్నాను."

మరదలు చెయ్యి ఆయన భుజం మీదనుంచి జారిపోయింది.

ఆదివారాలు వాళ్ళిద్దరూ ఏం చేసేవారో నాకు తెలుసు. ఏమీ చేసేవారు కాదు. పొద్దెక్కేదాకా పడుకుని, ఇద్దరూ కలిసి వంట చేసుకుని, కూరలో ఉప్పు నువ్వు వేశావంటే నువ్వు వేశావని దెబ్బలాడుకుని, సాయంత్రం అలా వీధి చివరిదాకా నడిచి వచ్చేవారు. ఆ ఒక్క రోజు కోసం మావాడు నాలుగు నెలలు జ్వరం పడ్డాడు. తాగుబోతు అనిపించుకున్నాడు. ఈ సంగతి పెళ్ళానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే పొగ దగ్గరికి తనే తరిమేస్తుందని భయం కాబోలు, పిచ్చి సన్నాసి!

"అంటే ఆయన తాగడం లేదని నీకు తెలుసు" అంది మరదలు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "అది జ్వరమేనని తెలుసు. తెలిసి కూడా తాగాడని రాసిచ్చావు."

"జ్వరమని రాస్తే డాక్టరొస్తాడే! డాక్టరొస్తే ఫ్యాను సంగతి అడుగుతాడు. ఫ్యాను ఆపింది ఎవరంటే ఏం చెప్పను? ఇంకో ఏడాదిలో దిగిపోయేవాణ్ణి..."

"నేను పెట్టె పట్టుకుని ఈ గుమ్మంలోకి వచ్చిన రోజున తెలుసు కదా నాన్నా! ఆ రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏడవకమ్మా, అలాంటివాడితో నువ్వెందుకు బతకాలి అన్నావు. అన్నావా లేదా?"

ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. ఆ అమ్మాయి లాగేసింది. మనిషి జ్వరంతో ఉన్నాడని వెనకాడలేదు. నేనూ వారించలేదు. అక్కడ నాకు నర్సు ఉద్యోగం గుర్తు రాలేదని ఒప్పుకుంటున్నాను.

కాసేపటికి ఆయనే లేచి కూర్చున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందులో జ్వరం ఎంతో ఏడుపు ఎంతో చెప్పలేను.

"అచ్చుల్ని ముందే వేడి చేస్తే ఫ్యాను తిరుగుతున్నా పోత పాడవదు" అన్నారు నా వైపు చూస్తూ. "ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. రోజుకి రెండు పోతలు తగ్గుతాయని మేనేజరు ఒప్పుకోడు. నేను గట్టిగా అడగలేదు. అంతే అమ్మాయ్. అడగలేదు."

"రేపు విచారణలో ఈ మాటలే చెప్పండి. ఫ్యాను, ఆదివారం, అన్నీ. ఆరుగురి జ్వరాలూ రాసి నేను తెస్తాను. డాక్టరమ్మని కూడా తెస్తాను" అన్నాను.

"చెప్తాను" అన్నారు. వెంటనే అన్నారు. అప్పుడే గడియారం వైపు చూశారు. గబగబా కాళ్ళు మంచం కిందికి దించారు.

"ఏమిటి?" అన్నాను.

"విచారణ లేదమ్మాయ్."

"లేకపోవడమేమిటి?"

"పొద్దున నేనే మీ తమ్ముడికి ఫోన్ చేశాను. తాగుడు నిజమేనని ఒప్పుకుని, ఇక మానేస్తానని రాసిస్తే విచారణ ఎత్తేస్తామని మేనేజరు అన్నాడు. సంతకం పెట్టెయ్ బాబూ, నా కూతుర్ని నేనే తీసుకొచ్చి దింపుతాను అన్నాను. సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు."

గడియారంలో ఏడుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. మరదలు నా చేతిలోంచి ఫోను లాక్కుని స్పీకరు పెట్టి కలిపింది. నాలుగోసారి మోగాక మావాడు ఎత్తాడు. వెనక హోరుమని ఏదో పెద్ద చప్పుడు. దాని మీదుగా అరిచి మాట్లాడుతున్నాడు. నాలుగు నెలల్లో వాడి గొంతు అంత హుషారుగా నేను వినలేదు.

"అక్కా! అయిపోయిందక్కా! తాగానని రాసి సంతకం పెట్టేశాను. పోతే పోనీ, ఒక్క అబద్ధమే కదా. ఆవిడ రేపు ఇంటికొచ్చేస్తుందట, మామయ్య చెప్పారు. మధ్యాహ్నం చెప్తే నువ్వు ఆపేస్తావని నీతో అనలేదు. నువ్వు మళ్ళీ వెళ్ళి వాళ్ళతో తగువేసుకోకు."

"ఎక్కడున్నావురా నువ్వు?"

"కొలిమి దగ్గర. ఏడింటి పోతకి మనుషులు లేరు, అందరికీ ఏదో జ్వరమట. ఇప్పుడే పనిలో చేరిపొమ్మన్నారు. ఏడుగురి పోతా నేనొక్కణ్ణే అక్కా ఇవాళ!"

"వద్దండీ!" అని అరిచింది మరదలు. "గరిటె కింద పెట్టండి, బయటికొచ్చెయ్యండి!"

"నువ్వా?" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటలో ఎంత సంతోషం ఉందో నేను రాయలేను. "నువ్వేనా? ఏమన్నావ్? ఇక్కడ ఈ ఫ్యాను హోరులో వినపడట్లేదు, ఉండు, ఇప్పుడు ఆపేస్తారు..."

హోరు ఆగిపోయింది. గదిలో మా ముగ్గురికీ అవతల రాగి కుతకుత ఉడకడం స్పష్టంగా వినిపించింది.

"ఆ, ఇప్పుడు చెప్పు" అంటూ మావాడు నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.